పునీత కొలంబా చేతివ్రాత

అచ్చుయంత్రం లేని రోజుల్లో కీర్తనల గ్రంథం కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని వ్రాయాల్సిందే. ఐర్లండు మఠాలకు అప్పటికి కాగితం తెలియదు. దూడచర్మాన్ని నానబెట్టి, గీకి, ఆరబెట్టి, పక్షి ఈకను చెక్కిన కలంతో దానిపై వ్రాసేవారు. ఆ పనిలో పేరెన్నికగన్నవారు పునీత కొలంబా.

ఆయన క్రీ.శ. 521 ప్రాంతంలో ఉత్తర ఐర్లండులో రాజవంశాన జన్మించి, మఠజీవితాన్ని ఎన్నుకున్నారు. గురువు ఫిన్నియన్ వద్ద ఉన్న అరుదైన కీర్తనల గ్రంథాన్ని రాత్రివేళ రహస్యంగా ప్రతి వ్రాసుకున్నారని ఐరిష్ ప్రజలు చెప్పుకుంటారు. విషయం తెలిసిన గురువు ఆ ప్రతి తనదేనన్నారు. తగవు డియర్మిడ్ రాజు దగ్గరకు వెళ్లింది. ఆవు ఎవరిదైతే దూడ వారిదే అయినట్లు, గ్రంథం ఎవరిదైతే ప్రతి కూడా వారిదేనని రాజు తీర్పు చెప్పారు. దూడచర్మం మీది వ్రాతకు పోలిక చక్కగానే అతికింది గాని, కొలంబాకు మింగుడుపడలేదు. 561లో ఆయన బంధువర్గం రాజుతో యుద్ధం చేసి గెలిచింది. ఎందరో హతులయ్యారు.

ఈ ప్రతి కథ చాలా కాలం తరువాత వ్రాసినది. యుద్ధానికి రాజకీయ కారణాలూ లేకపోలేదు. అయితే 563లో ఆయన 12 మంది సహచరులతో స్వదేశం విడిచి, స్కాట్లండు తీరాన ఉన్న అయోనా దీవి చేరిన మాట చరిత్రే.

ఆనాటి ప్రతిగా చెప్పుకునే గ్రంథంలో 58 ఆకులు డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీలో భద్రంగా ఉన్నాయి. ప్రతి కీర్తన మొదటి అక్షరం పెద్దది. తరువాతివి క్రమంగా చిన్నవై మామూలు వరుసలో కలిసిపోతాయి. చూడముచ్చటైన వ్రాత. అది కొలంబా చేతిదేనా అన్నది పండితులు తేల్చలేదు. విచిత్రమేమంటే, ఓడొనెల్ వంశీయులు జయం కోసం ఆ కీర్తనలనే యుద్ధాలకు మోసుకువెళ్లేవారు!

అయోనాలోనూ కొలంబా కలం విడువలేదు. ఆయన తరువాత సుమారు వందేళ్లకు అదే మఠానికి అధిపతియైన అడమ్నాన్ ఆయన జీవితచరిత్ర వ్రాశారు. ఒకరోజు జలసంధి అవతల ఎవరో కేకవేయగా, ఆ వచ్చేవాడు తన సిరాకొమ్మును ఒలకబోస్తాడని కొలంబా ముందే చెప్పారట. అతడు ఆత్రంగా ముద్దు పెట్టుకోబోయి, అంగీ అంచుతో దాన్ని పడదోయనే పడదోశాడు.

597లో, సుమారు 75 ఏళ్ల ప్రాయంలో, కొలంబా మరోసారి కీర్తనలు వ్రాస్తున్నారు. ప్రభువును వెదికేవారికి ఏ మేలూ తక్కువ కాదనే భావం గల చోట, 34వ కీర్తన నడుమ ఆగి, మిగిలినది బైతీన్ వ్రాయాలన్నారు. ఆ రాత్రి ప్రార్థన గంట మోగగానే అందరికంటే ముందు దేవాలయంలోకి వెళ్లి, జూన్ 9న పీఠం ఎదుటనే ప్రాణం విడిచారు. ఆయన తరువాత మఠాధిపతి అయినది బైతీనే.