కిడ్నీ రిపోర్టులో కనిపించని పేరు.. యల్లాప్రగడ సుబ్బారావు

తొలకరి పడితే వజ్రకరూరు ఎర్ర నేలల్లో జనం వజ్రాల కోసం వంగి వంగి వెతుకుతారు. ఒక్క రాయి దొరికితే చాలు, బతుకు మారిపోతుందని ఆశ. వాన మొహం చాటేసిన రోజుల్లో అదే నేల మీద మండుటెండలో శెనక్కాయ చేలో పని. ఒంట్లో నీళ్లు, ఉప్పు చెమటగా పోతూనే ఉంటాయి. ఏది ఉంచుకోవాలో, ఏది బయటికి పంపాలో లెక్క చూసుకునేవి కిడ్నీలు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో వీటినే గుర్దాలంటారు. అవి దెబ్బతిన్నాయని అనుమానం వస్తే మనిషి గుంతకల్లుకో అనంతపురానికో పోయి రక్తం ఇస్తాడు. ఒక కాగితం చేతికొస్తుంది. అందులో క్రియాటినిన్, పొటాషియం, ఫాస్ఫరస్ అని వరుసలుంటాయి.

ఆ కాగితం మీద పేరు లేకపోయినా, ఈ మూడు వరుసలతోనూ ముడిపడిన తెలుగు డాక్టరు ఒకాయన ఉన్నారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. క్యాన్సర్ మందు, టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ అనగానే ఆయన్ను తలచుకుంటారు. కిడ్నీ రోగికి ఆయన చేసిన మేలు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. చిన్నప్పుడు కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని బయల్దేరితే, తల్లి వెంకమ్మ వెనక్కి తెప్పించి మళ్లీ బడికి పంపిందని చెబుతారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ దెబ్బ ఆయన్ను జీవితాంతం వదల్లేదు.

కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు తొడుక్కున్నారు. సర్జరీ గదిలోకి కూడా ఖద్దరుతోనే వెళ్లారు. తెల్ల ప్రొఫెసరుకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకన్నా కింది ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. ప్రభుత్వ ఉద్యోగం దారి మూసుకుపోయింది. కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పారు. చివరికి మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతో 1922లో అమెరికా ఓడెక్కారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడలేదు. భార్యాభర్తలు మళ్లీ కలుసుకోనూ లేదు.

బోస్టన్‌లో దిగేసరికి జేబులో డబ్బు దాదాపు లేదు. డాక్టరు చదువు చదివిన మనిషి బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి పోర్టరుగా చేరారు. వార్డుల్లో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి, కడిగే పని. పగలు హార్వర్డ్‌లో చదువు.

ఆ చదువు ఆయన్ను సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు ల్యాబుకు చేర్చింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కచ్చితంగా కొలవడం అప్పట్లో పెద్ద తలనొప్పి. అప్పటికే ఉన్న పద్ధతులు నెమ్మది, పైగా తప్పులు. సుబ్బారావు, ఫిస్కే కలిసి దీనికి ఒక రంగు పరీక్ష తయారుచేశారు. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, దానికి తగిన మరో రసాయనం చేరిస్తే నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే నీలం ముదురుతుంది, తక్కువుంటే పలచబడుతుంది. ఆ రంగును తెలిసిన నమూనా రంగుతో పోల్చి లెక్క చెప్పొచ్చు. 1925లో అచ్చయిన ఆ వ్యాసం ప్రపంచంలో అతి ఎక్కువసార్లు ప్రస్తావించిన శాస్త్ర వ్యాసాల్లో ఒకటి. ఇప్పటి యంత్రాల్లో కూడా ఫాస్ఫరస్ పరీక్షకు ఎక్కువగా వాడేది మాలిబ్డేటే.

కిడ్నీ రోగికి ఈ లెక్క ఎందుకంటే, తిండిలో వచ్చిన ఫాస్ఫరస్‌లో మిగులును బయటికి పంపేది కిడ్నీలే. అవి చేతులెత్తేస్తే రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుంటుంది. కాల్షియం లెక్క తప్పుతుంది. పారాథైరాయిడ్ గ్రంథి ఎక్కువ పనిచేసి ఎముకల్లోంచి కాల్షియం లాగుతుంది. ఎముకలు గుల్లబారతాయి, ఒళ్లు దురద పెడుతుంది, రక్తనాళాలు గట్టిపడతాయి. అందుకే పెద్దవాళ్లలో 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాల్సిన ఈ అంకెను డాక్టర్లు అంత పట్టించుకుంటారు. ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే మాత్రలను అన్నంతో పాటే వేసుకోమనేది కూడా ఇందుకే. ఖాళీ కడుపుతో మింగితే వాటి పని జరగదు.

తర్వాత కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అదే పద్ధతిలో కండరాల రసాన్ని పరీక్షిస్తుంటే నీలం రంగు వెంటనే రాకుండా మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే పరీక్ష తప్పిందని పారబోసేవారు. వీళ్లు ఎందుకిలా అని వెంటపడ్డారు. కండరంలో ఇట్టే విడిపోయే ఫాస్ఫరస్ పదార్థం ఒకటుందని, అది క్రియాటిన్‌తో కలిసి ఉంటుందని 1927లో తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండుతుంది. కండరం శక్తి గురించి అప్పటిదాకా ఉన్న నోబెల్ స్థాయి సిద్ధాంతం దీనితో కదిలిపోయింది.

కండరాల్లోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రోజూ కొంచెం కొంచెంగా తమంతట తామే క్రియాటినిన్‌గా మారుతాయి. దాన్ని రక్తంలోంచి వడకట్టేది కిడ్నీలు. వడపోత తగ్గితే క్రియాటినిన్ పెరుగుతుంది. రిపోర్టు చేతికి రాగానే జనం ముందు చూసేది ఆ అంకెనే.

ఇక పొటాషియం. 1929లో సుబ్బారావు, ఫిస్కే కండరంలోంచి ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. కణాలకు శక్తినిచ్చే చిల్లర డబ్బు ఏటీపీ. ప్రతి కణం గోడలోనూ ఒక పంపు ఉంటుంది. ఒక్కో ఏటీపీ ఖర్చుపెట్టి మూడు సోడియం అణువులను బయటికి నెట్టి, రెండు పొటాషియం అణువులను లోపలికి తెస్తుంది. ఈ పంపును డెన్మార్క్‌లో జెన్స్ స్కౌ 1957లో బయటపెట్టారు. దానికి 1997లో నోబెల్ వచ్చింది. ఒంట్లోని పొటాషియంలో 98 శాతం కణాల లోపల ఉండడానికి కారణం ఈ పంపే. రక్తంలో ఉండేది చిటికెడు, లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ వరకు. అది బాగా పెరిగినా, బాగా తగ్గినా గుండె లయ తప్పుతుంది.

కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల నీరు వడకట్టి, ఒకటి రెండు లీటర్లు తప్ప మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయి. వడపోతలో వచ్చిన పొటాషియంలోనూ ఎక్కువ భాగాన్ని వెనక్కి లాక్కుంటాయి. తర్వాత గొట్టాల చివరి భాగంలో, అల్డోస్టిరాన్ హార్మోన్ మాట విని, ఎంత పంపాలో అంత మళ్లీ మూత్రంలోకి వదులుతాయి. ఇదంతా ఆ పంపుల మీదే నడుస్తుంది. కిడ్నీ తాగే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం సోడియాన్ని తోడడానికే పోతుంది.

అందుకే ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎండలో దాహం తీర్చే కొబ్బరి నీళ్లు, పొటాషియం పెరిగిన కిడ్నీ రోగికి ప్రమాదం తెస్తాయి. అనంతపురం జిల్లాలో విరివిగా పండే చీనీ, అరటి కూడా అంతే. శెనక్కాయల్లో పొటాషియంతో పాటు ఫాస్ఫరస్ కూడా ఉంటుంది. మంచిదని తెచ్చుకునే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. డాక్టరును అడగకుండా అది వాడకూడదు. కూరగాయలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు వంపేస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. ఎవరు ఎంత తినాలో రిపోర్టు చూసి డాక్టరే చెప్పాలి.

ఇంత చేసినా సుబ్బారావుకు హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబుకు వెళ్లిపోయారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకు అది మందయింది. ఫైలేరియాకు హెట్రజాన్, క్యాన్సర్‌కు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ కూడా ఆ బృందం కృషే. పాతికేళ్లకు పైగా అమెరికాలో ఉన్నా ఆ దేశ పౌరుడు కాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే నిద్రలో కన్నుమూశారు.

ఆయన ఒకప్పుడు రాత్రుళ్లు రోగుల పాత్రలు కడిగిన ఆ బ్రిగమ్ ఆస్పత్రిలోనే అదే 1948లో కృత్రిమ కిడ్నీ యంత్రంతో డయాలసిస్ మొదలైంది. 1954 డిసెంబర్ 23న కవల సోదరుడి కిడ్నీని రోగికి అమర్చి, విజయవంతమైన తొలి కిడ్నీ మార్పిడి చేసిందీ అక్కడే.