రుడాల్ఫు డీజిలు

మన నల్లమాడ మెట్టచేలలో పండిన వేరుశనగకాయలను మార్కెటునకు మోయు పికప్పు బండ్లలో పెక్కింటికి డీజిలు యంత్రమే బలము. డీజిలనునది చమురు పేరని పలువురు తలంతురు. అది మొదట నొక మనుష్యుని పేరు. అతని చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా దెలుపగోరుచున్నాము.

రుడాల్ఫు డీజిలు 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తల్లిదండ్రులు జర్మనులు, తండ్రి తోలుసామానులు చేసి జీవించువాడు. 1870లో ఫ్రాన్సునకును జర్మనులకును యుద్ధము సంభవింపగా ఆ కుటుంబము ఇల్లు విడిచి లండను చేరెను. అచ్చటనుండి పండ్రెండేండ్ల రుడాల్ఫు జర్మనీలోని ఆగ్సుబర్గునకు, బంధువుల యింటికి, చదువునకై పంపబడెను. పిమ్మట మ్యూనికు కళాశాలలో లిండే పండితుని శిష్యుడయ్యెను. ఆవిరియంత్రము తాను గ్రహించు వేడిమిలో నూటికి పదిపాళ్లకు మించి పనిగా మార్చజాలదని అచ్చట విని, ఆ నష్టమును మాన్పుటయే తన జీవితకార్యముగా నెంచుకొనెను.

గాలిని మిక్కిలిగా నొత్తినచో వేడెక్కును. సైకిలు పంపును వాడిన బాలురెల్ల రిది యెరుగుదురు. అట్టి వేడిగాలిలోనికి చమురును చిమ్మినచో నిప్పురవ్వ లేకయే మండును. ఇదియే డీజిలు యుక్తి. 1893లో అతడు పేటెంటు పొందెను. ఆ యేటి పరీక్షలో కొలపరికరము ప్రేలి ప్రాణాపాయము తప్పెను. 1894లో యంత్రము ఒక్క నిమిషము మాత్రమే తనంతట తిరిగెను. అయినను అతడు వెనుదీయలేదు. 1897లో అది వేడిమిలో నూటికి 26 పాళ్లు పనిగా మార్చెను.

1900వ సంవత్సరపు పారిసు ప్రదర్శనమున ఒక డీజిలు యంత్రము వేరుశనగనూనెతో నడిచెను. గింజలనూనెలు ముందుకాలమున యంత్రములకు ముఖ్యమైన ఆహారము కాగలవని డీజిలు నమ్మెను. కరవుసీమలో వేరుశనగనే నమ్ముకొన్న మనకు ఈ సంగతి స్మరణీయము.

కీర్తి కలిగినను అతనికి నెమ్మది కలుగలేదు. అనారోగ్యము, వ్యాజ్యములు, అప్పులు బాధించెను. 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి ఇంగ్లండునకు పోవు ఓడనుండి అదృశ్యుడయ్యెను. కొన్నిదినములకు దేహము సముద్రమున గానబడెను. మరణకారణము నేటికిని తేలలేదు. తీర్పు దేవునిది, మనది కాదు.

అతని పని నిలిచినది. యంత్రము వెడలగ్రక్కు పొగవేగముతో చక్రమును త్రిప్పి, దానిచే మరింత గాలిని లోనికి నెట్టు ఉపాయమును స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడు బూకి 1905లోనే చూపెను. నేటి పికప్పులలో టర్బో యనునది యిదియే. దానివలన చిన్నయంత్రమును పెద్దబరువును లాగును. వృథాగా బోవు పొగయు నిట్లు పనికివచ్చెను.

అయిదువేలమందికి ఆహారమిచ్చి, మిగిలిన ముక్కలను ఏరించిన ప్రభువు శిష్యులము మనము. నీటిబొట్టయినను, చదువుకాలమయినను, వృథా పోనీయకుండుటయే ఈ చరిత్రమునుండి మన మెల్లరము నేర్వవలసిన పాఠము.