తలుపు మూసిన దేశానికి తెరపై జవాబు: చాప్లిన్ జీవితంలో వలస కథ

1952 సెప్టెంబరు 17న న్యూయార్క్ రేవు నుంచి క్వీన్ ఎలిజబెత్ నౌక ఇంగ్లండుకు బయలుదేరింది. అందులో చార్లీ చాప్లిన్, ఆయన భార్య ఊనా, వారి నలుగురు పిల్లలు ఉన్నారు. కొత్త చిత్రం ‘లైమ్‌లైట్’ లండన్‌లో ప్రదర్శనకు సిద్ధంగా ఉంది. తాను పుట్టి పెరిగిన నగరాన్ని పిల్లలకు చూపించాలన్న కోరిక కూడా ఆ ప్రయాణానికి ఒక కారణం. నౌక నడిసముద్రంలో ఉండగానే, 19వ తేదీన, అమెరికా అటార్నీ జనరల్ జేమ్స్ మెక్‌గ్రానరీ చాప్లిన్ పునఃప్రవేశ అనుమతిని రద్దు చేసినట్లు ప్రకటించారు. తిరిగి రావాలంటే తన రాజకీయ అభిప్రాయాల గురించి, నైతిక ప్రవర్తన గురించి వలస అధికారుల విచారణకు నిలబడాలి. నాలుగు దశాబ్దాలు పనిచేసి, పన్నులు కట్టి, హాలీవుడ్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చిన మనిషి ఒక్క ఉత్తర్వుతో గుమ్మం బయట నిలబడవలసి వచ్చింది.

ఇది సాధ్యం కావడానికి చట్టపరమైన కారణం చిన్నదే. చాప్లిన్ ఏనాడూ అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. తనను తాను ప్రపంచ పౌరుడిగా భావించుకున్న ఆయన బ్రిటిష్ పౌరుడిగానే ఉండిపోయారు. పౌరుణ్ణి దేశంలోకి రానివ్వకుండా ఆపడం కష్టం. విదేశీయుణ్ణి ఆపడానికి ఒక అధికారి సంతకం చాలు. ప్రయాణానికి ముందు వలస అధికారులు ఆయనను ప్రశ్నించి, ఆ తరువాతే అనుమతి పత్రం ఇచ్చారు. ఇచ్చిన పత్రాన్ని మనిషి దేశం దాటిన రెండు రోజులకే వెనక్కి తీసుకున్నారు.

పేదల ఆశ్రమం నుంచి హాలీవుడ్‌కు

చార్లెస్ స్పెన్సర్ చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న జన్మించారు. తల్లిదండ్రులిద్దరూ లండన్ సంగీత రంగస్థలాలపై పాడేవారు. తండ్రి తాగుడుకు బానిసై కుటుంబాన్ని వదిలేశారు. తల్లి హన్నా గొంతు పోయింది, తరువాత మతి చలించింది. ఏడేళ్ళ వయసులో చాప్లిన్, అన్న సిడ్నీతో కలిసి లాంబెత్‌లోని పేదల ఆశ్రమంలో చేరవలసి వచ్చింది. వరుసలో నిలబెట్టడం, పేరు నమోదు చేయడం, తల్లీబిడ్డలను విడదీయడం, ఎవరెక్కడ ఉండాలో అధికారి నిర్ణయించడం ఆయనకు పుస్తకాల ద్వారా తెలిసిన విషయాలు కావు. ఆ బాల్యపు జ్ఞాపకమే తరువాత యూనిఫాం వేసుకున్న ప్రతి అధికారినీ ఆయన తెరపై ఆట పట్టించడానికి మూలమైంది.

ఫ్రెడ్ కార్నో నాటక బృందంతో 1910లో తొలిసారి అమెరికా వెళ్ళిన చాప్లిన్, 1912లో మళ్ళీ వెళ్ళి అక్కడే నిలిచిపోయారు. 1914లో కీస్టోన్ సంస్థ తీసిన చిన్న చిత్రాలలో వదులు ప్యాంటు, బిగుతు కోటు, పొట్టి మీసం, చేతికర్రతో దేశదిమ్మరి పాత్ర పుట్టింది. రెండేళ్ళు గడిచేసరికి మ్యూచువల్ సంస్థ ఆయనకు ఏడాదికి 6,70,000 డాలర్ల ప్రతిఫలం చెల్లించింది. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్ళు.

1917: ఒక చట్టం, ఒక చిత్రం

1917 ఫిబ్రవరి 5న అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ నిరాకరణను తోసిపుచ్చి అమెరికా కాంగ్రెస్ కొత్త వలస చట్టాన్ని ఆమోదించింది. పదహారేళ్ళు దాటిన వలసదారులకు అక్షరాస్యత పరీక్ష తప్పనిసరి చేసింది. ఆసియాలో విశాల భూభాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించి అక్కడి ప్రజల రాకను ఆపేసింది. భారత ఉపఖండం ఆ మండలంలోనే ఉంది. 1946లో మరో చట్టం వచ్చేదాకా భారతీయులకు ఆ తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్న తరువాత కూడా ఏడాదికి వందమందికే చోటు దక్కింది.

ఆ చట్టం వచ్చిన కొద్ది నెలలకే, 1917 జూన్‌లో, చాప్లిన్ చిత్రం ‘ది ఇమిగ్రెంట్’ విడుదలైంది. ఆయన మొదట తీసింది హోటల్ సన్నివేశం మాత్రమే. ఆ పేదవాడూ ఆ యువతీ ఎక్కడి నుంచి వచ్చారన్న ప్రశ్నకు సమాధానంగా ఓడ ప్రయాణం తరువాత చేరింది. అలల ఊపుకు ప్రయాణికులు అటూ ఇటూ దొర్లిపోతుంటే ప్రేక్షకులు నవ్వుతారు. అంతలో దూరాన స్వేచ్ఛా ప్రతిమ కనిపిస్తుంది. అందరూ ఆశగా అటు చూస్తున్న క్షణంలోనే అధికారులు అడ్డంగా తాడు కట్టి, మందను తోలినట్లు వారిని వెనక్కి నెడతారు. దేశదిమ్మరి ఆ ప్రతిమ వైపు మరోసారి అనుమానంగా చూస్తాడు. అదను దొరకగానే వలస అధికారిని వెనుక నుంచి ఒక్క తన్ను తన్నుతాడు.

చిత్రం రెండో భాగంలో హోటల్‌లో మళ్ళీ కలిసిన యువతి చేతిలో నల్ల అంచు రుమాలు ఉంటుంది. ఓడలో వెంట ఉన్న తల్లి చనిపోయిందని ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది. నవ్వులో కోపాన్ని, కోపంలో దుఃఖాన్ని కలపడం చాప్లిన్‌కు అప్పటికే పట్టుబడింది. అధికారిని తన్నిన ఆ దృశ్యం ముప్పై ఐదేళ్ళ తరువాత ఆయన అమెరికా వ్యతిరేకతకు సాక్ష్యంగా ప్రస్తావనకు రావడం విచిత్రం.

అనుమానపు నీడ

1931 సెప్టెంబరు 22న లండన్ తూర్పు ప్రాంతంలో, డాక్టర్ చునీలాల్ కతియాల్ ఇంట్లో చాప్లిన్ మహాత్మా గాంధీని కలుసుకున్నారు. రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీని యంత్రాల పట్ల ఆయన వైఖరి గురించి అడిగారు. అయిదేళ్ళకు ‘మోడర్న్ టైమ్స్’ వచ్చింది. 1940లో ‘ది గ్రేట్ డిక్టేటర్’ హిట్లర్‌ను నేరుగా వెక్కిరించింది. యుద్ధకాలంలో సోవియట్ యూనియన్‌కు ఆసరాగా ఐరోపాలో రెండో రణరంగం తెరవాలని చాప్లిన్ బహిరంగ సభలలో కోరారు. అప్పుడు చప్పట్లు కొట్టినవారిలో కొందరు యుద్ధం ముగిశాక ఆ ప్రసంగాలనే నేరంగా లెక్కించారు.

వ్యక్తిగత జీవితం కూడా ప్రత్యర్థులకు ఆయుధాలిచ్చింది. తనకన్నా ఎంతో చిన్న వయసు యువతులతో ఆయన వివాహాలు విమర్శకు గురయ్యాయి. 1944లో ఒక క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటపడ్డారు. పితృత్వ వ్యాజ్యంలో మాత్రం రక్తపరీక్ష అనుకూలంగా వచ్చినా ఓడిపోయారు. కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏళ్ళ తరబడి ఆయనపై కాగితాలు పోగుచేసింది. 1947లో ఆయనను దేశం నుంచి పంపేయాలని కాంగ్రెస్ సభ్యుడు జాన్ రాంకిన్ డిమాండు చేశారు. అదే ఏడాది, జర్మన్ శరణార్థి అయిన స్వరకర్త హాన్స్ ఐస్లర్‌ను బహిష్కరించేందుకు ప్రయత్నాలు మొదలైనప్పుడు, ఫ్రెంచి కళాకారులు నిరసన తెలపాలని కోరుతూ చాప్లిన్ పికాసోకు తంతి పంపారు. ఇతర వలసదారు కోసం నోరు విప్పిన ఆ తంతి కూడా ఆయన ఖాతాలో తప్పుగా నమోదైంది.

ప్రవాసంలో పుట్టిన రాజు

1952 అక్టోబరు 16న లండన్‌లో ‘లైమ్‌లైట్’ ప్రదర్శనకు ఘనస్వాగతం లభించింది. అమెరికాలో మాత్రం అమెరికన్ లీజియన్ నిరసనలకు దిగింది. పెద్ద థియేటర్ సంస్థలు చిత్రాన్ని వెనక్కి తీసుకున్నాయి. ఆస్తులు అక్కడే చిక్కుకుపోకుండా, అమెరికా పౌరురాలైన ఊనా నవంబరులో ఒంటరిగా కాలిఫోర్నియా వెళ్ళి లావాదేవీలు చక్కబెట్టి వచ్చారు. 1953 జనవరిలో కుటుంబం స్విట్జర్లాండ్‌లోని వెవే సమీపాన ఉన్న ఇంట్లో స్థిరపడింది. ఏప్రిల్‌లో చాప్లిన్ తన పునఃప్రవేశ పత్రాన్ని అమెరికా అధికారులకు అప్పగించేశారు. మరుసటి ఏడాది ఊనా తన అమెరికా పౌరసత్వాన్ని వదులుకున్నారు. ఆ రోజులలోనే స్విట్జర్లాండ్ వచ్చిన భారత ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆ ఇంట్లో అతిథిగా భోజనం చేశారు.

చాప్లిన్ తిరిగి వెళ్ళి విచారణ కోరి ఉంటే ఏమయ్యేది? ఆయనను ఆపేందుకు తగిన ఆధారాలు వలస శాఖ వద్ద లేవని 1980ల్లో బయటపడిన ప్రభుత్వ పత్రాలు చెబుతున్నాయి. అంటే మూసిన తలుపుకు గట్టి గడియ లేదు. అయినా తన అభిప్రాయాలకు సంజాయిషీ చెప్పి ప్రవేశం సంపాదించుకోవడం చాప్లిన్‌కు ఇష్టం లేకపోయింది. ఆయన తన వాదనను విచారణ గదిలో వినిపించలేదు, తెరపై వినిపించారు.

‘ఎ కింగ్ ఇన్ న్యూయార్క్’ 1957 సెప్టెంబరులో లండన్‌లో విడుదలైంది. విప్లవంలో సింహాసనం పోగొట్టుకున్న షాడోవ్ అనే రాజు న్యూయార్క్‌లో దిగి, అమెరికా స్వేచ్ఛను విలేకరుల ముందు పొగుడుతుంటాడు. అదే సమయంలో వలస అధికారులు ఆయన వేళ్ళకు సిరా పూసి ముద్రలు తీసుకుంటుంటారు. చాప్లిన్ కుమారుడు మైఖేల్ పోషించిన రూపర్ట్ అనే బాలుడి తల్లిదండ్రులు కమ్యూనిస్టులు. వారిని విడిపించుకోవడానికి ఆ బాలుడు చివరకు పేర్లు చెప్పవలసి వస్తుంది. రాజు మాత్రం విచారణ సంఘం సభ్యులను నీటి గొట్టంతో నిలువునా తడిపేస్తాడు. రాజు క్షేమంగా ఐరోపా వెళ్ళిపోతాడు, బాలుడు విరిగిన మనసుతో మిగిలిపోతాడు. ఆనాటి విచారణల అసలు గాయం ఎక్కడ తగిలిందో ఆ ముగింపు చూపింది.

ఈ చిత్రం చాప్లిన్ ఉత్తమ రచనల సరసన నిలవలేదన్న విమర్శలో నిజముంది. సొంత స్టూడియో పోయింది, అద్దె స్టూడియోలో రోజులు లెక్కపెట్టుకుని తీయవలసి వచ్చింది. ఒకే దృశ్యాన్ని తృప్తి కలిగేదాకా పదేపదే తీసే పాత వెసులుబాటు లేదు. కొన్నిచోట్ల బాలుడి నోట కథ కన్నా ప్రసంగమే ఎక్కువగా వినిపిస్తుంది. 1917 నాటి తన్నులో ఉన్న తేలికదనం 1957 నాటి కోపంలో లేదు. మొదటిది ఇతరుల అవమానం చూసి పుట్టిన కోపం, రెండోది సొంత గాయం. అయినా ఆ రోజులలో ఇంకెవరూ తీయడానికి సాహసించని విషయాన్ని ఆయన తీశారు. అమెరికా ప్రేక్షకులకు ఆ చిత్రం 1970ల దాకా అందలేదు.

చివరి ఓడ

1967లో తీసిన చివరి చిత్రం ‘ఎ కౌంటెస్ ఫ్రమ్ హాంకాంగ్’ లోనూ కథానాయిక ఏ దేశానికీ చెందని రష్యన్ శరణార్థి. పాస్‌పోర్టు లేక అమెరికా వెళ్ళే ఓడలో ఒక దౌత్యవేత్త గదిలో దాక్కుంటుంది. సోఫియా లోరెన్, మార్లన్ బ్రాండో నటించిన ఆ చిత్రంలో చాప్లిన్ సముద్రపు ఊపుకు కడుపు తిప్పే వృద్ధ సేవకుడిగా కొద్ది క్షణాలు కనిపిస్తారు. అర్ధశతాబ్దం క్రితం ఓడ ఊపుకు తూలుతున్న వలసదారులతో నవ్వించిన నటుడు, వెండితెర నుంచి సెలవు తీసుకున్నది కూడా అలాంటి ఓడలోనే.

1972 ఏప్రిల్‌లో, ఇరవై ఏళ్ళ తరువాత, ఆస్కార్ గౌరవ పురస్కారం అందుకోవడానికి చాప్లిన్ అమెరికా గడ్డపై అడుగుపెట్టారు. సభికులు లేచి నిలబడి నిమిషాల తరబడి చప్పట్లు కొడుతుంటే 82 ఏళ్ళ వృద్ధుడు కన్నీళ్ళు ఆపుకోలేకపోయారు. అదే ఏడాది లాస్ ఏంజిలిస్‌లో తొలిసారి ప్రదర్శితమైన ‘లైమ్‌లైట్’ సంగీతానికి 1973లో ఆస్కార్ దక్కింది. తీసిన ఇరవై ఏళ్ళకు వచ్చిన ఆ బహుమతి, పోటీలో నిలిచి ఆయన గెలుచుకున్న ఏకైక ఆస్కార్. 1975లో బ్రిటన్ ఆయనకు నైట్ బిరుదు ఇచ్చింది. 1977 డిసెంబరు 25న స్విట్జర్లాండ్‌లోని స్వగృహంలో చాప్లిన్ కన్నుమూశారు. ఆ దేశంలో ఆయన పాతికేళ్ళు నివసించారు.

ఉత్తర్వుపై సంతకం చేసిన మెక్‌గ్రానరీ పేరు నేడు చాప్లిన్ జీవితచరిత్రలు చదివేవారికి తప్ప పెద్దగా తెలియదు. ఓడలో తాడు వెనుక నిలబడిన దేశదిమ్మరిని మాత్రం భాషతో పనిలేకుండా ప్రపంచమంతా గుర్తుపడుతుంది. సరిహద్దుల దగ్గర ఇప్పటికీ వరుసలలో నిలబడుతున్నవారికి ఆ తాడు పాత కథ కాదు.