రాళ్లు చదివిన బడిపంతులు

ఆగస్టు 29 వచ్చిందంటే విశాఖపట్నంలోని బడులు గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేస్తాయి. వాడుక భాషా ఉద్యమ పితామహుడని ఎవరో ఒకరు నాలుగు మాటలు చెబుతారు, పిల్లలు చప్పట్లు కొడతారు. తప్పేమీ లేదు. కానీ ఆ ఉద్యమానికి పదేళ్ల ముందే ఆయన గుడి గోడల మీది అక్షరాలతోనూ, నేలలో దొరికిన రాగి రేకులతోనూ కుస్తీ పట్టారన్న సంగతి ఆ సభల్లో వినిపించదు. మాకు మాత్రం ఆయన జీవితంలో ఆ భాగమే ఎక్కువగా గుర్తుంటోంది.

కారణం మన ఊరే. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ. స్టీల్ ప్లాంటు దాటి అనకాపల్లి వైపు వెళితే శంకరం దగ్గర బొజ్జన్నకొండ. రెండువేల ఏళ్లనాటి విహారాల మధ్య నుంచి రోజూ బస్సుల్లో, లారీల్లో తిరుగుతున్నాం. తొట్లకొండ మీద ఒక పాత ఆరామం ఉందని మనకు తెలిసింది కూడా 1976లో నౌకాదళం వారు తమ స్థావరం కోసం విమానంలో సర్వే చేసినప్పుడు. పశువులు కాసేవారికి ఆ తొట్లు అంతకు ముందే తెలుసు. కొండ పేరే చెబుతోంది. వాళ్లను అడిగినవారు లేరు, అంతే.

అడిగే అలవాటున్న మనిషి రామమూర్తి గారు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయనకు చోడవరం బదిలీ అయింది, అక్కడే 1875లో విషజ్వరంతో పోయారు. పన్నెండేళ్ల పిల్లవాడు విశాఖపట్నంలో మేనమామ గారి పంచన చేరాడు. తర్వాత విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు బడి. అక్కడ తోటి విద్యార్థి గురజాడ అప్పారావు. 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. ఆ మరుసటి ఏడే, పదిహేడేళ్ల వయసులో, పర్లాకిమిడి రాజా వారి బడిలో నెలకు ముప్ఫై రూపాయల జీతానికి పంతులుగా కుదిరాడు. పై చదువులన్నీ ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా చదివినవే. ఎఫ్.ఏ. 1886లో, బి.ఏ. 1896లో. ఈ రెంటి మధ్య పదేళ్లు గడిచాయి. సంసారం మీదపడినవారి చదువు అలాగే నడుస్తుంది మరి.

ఆయన చెప్పేది చరిత్ర పాఠం. పుస్తకంలో ఢిల్లీ ఉంది, లండన్ ఉంది; బడికి ఒక పూట ప్రయాణంలో ఉన్న ముఖలింగం మాత్రం లేదు. ముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి, సోమేశ్వరుడి గుడి, భీమేశ్వరుడి గుడి ఉన్నాయి. ఆ గోడల నిండా శాసనాలు. పూజారులు రోజూ వాటి పక్కనుంచే దీపం పట్టుకుని నడిచేవారు. ఏమి రాసి ఉందో చదవగలిగినవారు మాత్రం ఊళ్లో లేరు. రామమూర్తి గారికి ఆ లిపి నేర్పే గురువూ దొరకలేదు. పుస్తకాలు తెప్పించుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ పోల్చి చూసుకుంటూ, తనంతట తానే నేర్చుకున్నారు.

ఇది చెప్పినంత తేలిక కాదు. శాసనం మన అచ్చు పుస్తకం లాంటిది కాదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. రాయి పెచ్చు లేచిన చోట అక్షరం సగమే ఉంటుంది. సంవత్సరం శక సంవత్సరం. కొన్నిచోట్ల అది అంకెల్లో కాక సంకేత పదాల్లో ఉంటుంది. వీటన్నిటికీ తోడు సున్నం. భక్తితో గోడకు సున్నం కొట్టినవారే అక్షరాన్ని పూడ్చేస్తారు. ఈ మాట ఒక్క గుళ్ల గురించే అనడం లేదు. మన పాత సమాధుల తోటల్లోని రాళ్ల మీద పేర్లు ఏ గతిలో ఉన్నాయో మా పాఠకులు వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఒకసారి వెళ్లి చూడవచ్చు.

ఆ కష్టానికి ఫలం దక్కింది. నడగాం అనే ఊళ్లో దొరికిన తూర్పు గాంగ రాజు వజ్రహస్తుని రాగి రేకులను ఆయన చదివి పరిష్కరించారు. ప్రభుత్వ పురావస్తు శాఖ వారి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటం దాన్ని ప్రచురించింది. ఆ దానపత్రం శక 979 నాటిది, అంటే క్రీ.శ. 1057-58 ప్రాంతం. రాజు పట్టాభిషేకం శక 960లో జరిగిందని అందులో ఉంది. దానం ఇచ్చే రాజు తన తాతముత్తాతల పేర్లనూ, వారు ఎన్నేళ్లు ఏలారన్నదానినీ వరుసగా చెప్పుకుంటాడు. అది గొప్పకోసమే అనుకోండి, మనకు మాత్రం వంశవృక్షం చేతికి వస్తుంది. అలా కళింగ చరిత్రకు తేదీలతో కూడిన ఒక వెన్నెముక దొరికింది.

ఇంకో చిక్కుముడి ఉండేది. గాంగుల తొలి రాజధాని కళింగనగరం ఎక్కడ? ఫ్లీట్ వంటి పెద్ద పండితుడు పేరులోని పోలికను బట్టి, వంశధార సముద్రంలో కలిసే చోటున్న కళింగపట్నం అన్నారు. పేరు చూస్తే అదే సబబనిపిస్తుంది. రామమూర్తి గారు ఒప్పుకోలేదు. ముఖలింగంలో ఉన్నన్ని రాజశాసనాలు, అంతటి గుళ్లు కళింగపట్నంలో లేవు. ముఖలింగం పక్క ఊరి పేరు నేటికీ నగరికటకం. నగరం ఇక్కడే అన్నారాయన. పండితలోకం నిదానంగా ఆయన వైపే మొగ్గింది. పర్లాకిమిడి బడిపంతులు మాట నెగ్గడానికి కారణం ఒక్కటే: ఫ్లీట్ గారు పటం చూశారు, ఈయన ఊరు చూశారు.

ఇలాంటి మనుషులు ఇతర దేశాల్లోనూ ఉన్నారు. ఇంగ్లాండులో ఏవ్‌బరీ అనే పల్లె చుట్టూ ఆదిమ మానవులు నిలబెట్టిన పెద్ద బండలున్నాయి. 1720 ప్రాంతాల్లో రైతులు వాటిని మంటపెట్టి కాల్చి, పగలగొట్టి ఇళ్లకు వాడుకుంటుంటే, విలియం స్టూక్లీ అనే వైద్యుడు ఏటేటా వచ్చి మిగిలినవాటి కొలతలు రాసుకున్నాడు, బొమ్మలు గీసుకున్నాడు. తర్వాత ఆయన ఆంగ్లికన్ గురువయ్యాడు. ఇప్పుడు అక్కడ లేని రాళ్లు ఒకప్పుడు ఎక్కడుండేవో చెప్పడానికి ఆయన కాగితాలే ఆధారం.

రామమూర్తి గారు రాళ్ల దగ్గరే ఆగలేదు. పర్లాకిమిడి వెనుక కొండల్లో సవరలున్నారు. సంతకు దిగివచ్చే వారి భాష పట్నంవారికి అక్కర లేనిది, లిపి లేనిది. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. అది ఏళ్ల తరబడి సాగింది. సవర భాషలో వాచకాలు రాశారు, పాటలు, కథలు సేకరించారు, సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. ఆ కొండల్లో తిరిగితే మలేరియా తప్పదు. దానికి క్వినైను మింగీ మింగీ ఆయన చెవులు పోయాయి. నోటి మాటే భాషకు ప్రాణమని తర్వాతి కాలంలో ఊరూరా వాదించిన మనిషికి ఎదుటివారి మాట సరిగా వినిపించేది కాదు.

ఇక్కడ మా సొంత ఇంటి మాట ఒకటి చెప్పాలి. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ దేగ్రాంజి అనే లండన్ మిషన్ వారు విశాఖపట్నంలో దిగి సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. అది మనం గర్వంగా చెప్పుకునే చరిత్ర. అక్షరం లేని జనానికి అక్షరం ఇచ్చింది మిషనరీలేనన్న మాట కూడా మన వేదికల మీద తరచు వినబడుతుంది. సవర కొండల్లో కెనడా బాప్టిస్టు మిషనరీలు చేసిన సేవ చిన్నది కాదు. అయితే ఆ భాషకు ఏళ్ల తరబడి సొంత ఖర్చుతో, చెవులు పోగొట్టుకుని మరీ వ్యాకరణం, నిఘంటువు కట్టింది ఏ మిషనుకూ చెందని ఒక హిందూ బడిపంతులు. ఇది కూడా మన వేదికల మీద చెప్పవలసిన సంగతే. మద్రాసు ప్రభుత్వం 1931లో ఆయన సవర వ్యాకరణాన్నీ, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువునూ అచ్చువేసింది.

భాషా ఉద్యమం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అందరికీ తెలిసిందే. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, తెలుగువారు మాట్లాడేదొకటి, బడిలో నేర్చేదొకటి ఎందుకుందని అడగడంతో కదలిక వచ్చింది. గురజాడ, ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు కలిసివచ్చారు. అవతలి పక్షాన జయంతి రామయ్య పంతులు గారి వంటి ఉద్దండులు. మేము గమనించేది ఒక్కటే. రామమూర్తి గారు సభలో నిలబడినప్పుడు పిడివాదం చేయలేదు. సంచీ నిండా పుస్తకాలు, ఉదాహరణలు తెచ్చి చూపించేవారు. భాష మారదని శాసనాలు చదివినవాడికి ఎవరు చెప్పినా నమ్మడు. వందేళ్లకో రూపం మారిన అక్షరాన్ని, మాటను ఆయన రాతి మీద స్వయంగా చూశారు.

1911లో ఉద్యోగం విరమించాక ఉద్యమమే ఆయన దినచర్య అయింది. అయినా కళ్లు నేల మీదే ఉన్నాయి. 1919లో, అంటే ‘తెలుగు’ పత్రిక నడిపిన ఏడే, కళింగపట్నానికి ఎగువన వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ మీది శిథిలాలు బౌద్ధులవని ఆయన తొలిసారి లోకానికి చెప్పారు. అప్పటికి అది ముళ్లపొదల మధ్య ఇటుకల దిబ్బ.

చివరి ఏళ్లు ప్రశాంతంగా గడవలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. తెలుగువారెందరో ఉన్న పర్లాకిమిడి అందులోకి వెళ్లకూడదని ఆయన గట్టిగా పోరాడారు. ఫలితం లేకపోయింది. యాభై ఆరేళ్లు కాపురమున్న ఊరిని డెబ్భై రెండేళ్ల వయసులో విడిచిపెట్టి, రాజమండ్రిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. రావు బహదూర్ బిరుదు, కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చిన ప్రభుత్వమే ఈ విషయంలో ఆయన మాట వినలేదు.

1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. శాలిహుండంలో టి.ఎన్. రామచంద్రన్ ఆధ్వర్యాన పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలైంది 1943లో. స్తూపాలు, చైత్యాలు, స్ఫటికపు భరిణెలు, తారాదేవి విగ్రహాలు ఒక్కొక్కటిగా వెలుగు చూశాయి. ఆ ఇటుకల దిబ్బను చూపించిన పంతులు గారు వాటిలో వేటినీ చూడలేదు.