రెండు మోటార్లు, ఒక తాకట్టు

ఫిల్మ్ నగర్‌లో రఘుపతి వెంకయ్య గారి విగ్రహం ఉంది. మనలో చాలామందికి ఆయన పేరు ఒక అవార్డు పేరుగానే పరిచయం. 1980 నుంచి సినిమా పెద్దలకి ప్రభుత్వం ఇస్తూ వచ్చిన అవార్డు అది. తెలుగు సినిమాకి పితామహుడు అని కూడా అంటాం, అని వదిలేస్తాం. నేను మాత్రం ఆయన జీవితాన్ని ఒక మెషీన్ కథగా చదివాను. మెకానికల్ బ్రాంచ్ వాడిని, బుద్ధి అటే పోతుంది మరి.

వెంకయ్య గారిది బందరు. బొమ్మలు వేసే చెయ్యి, చెక్కే చెయ్యి. కుర్రతనంలోనే మద్రాసు చేరి మౌంట్ రోడ్డులో ఫోటో స్టూడియో పెట్టుకున్నారు. స్టూడియో బాగానే నడిచింది. అక్కడితో ఆగి ఉంటే హాయిగా బతికేవారు. 1909లో ఆయనకి క్రోనోమెగాఫోన్ గురించి తెలిసింది. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన గ్రామఫోన్ రికార్డు అదే వేగంతో తిరిగి మాటో పాటో వినిపించే ఫ్రెంచి యంత్రం. ఖరీదు 30,000 రూపాయలు. ఆ రోజుల్లో అది ఎంత డబ్బో మీరే ఊహించుకోండి. స్టూడియోని తాకట్టు పెట్టి కొనేశారు.

పారిస్‌లో గోమాంట్ కంపెనీ తయారుచేసిన పద్ధతి ఇది. ప్రొజెక్టర్‌కి ఒక డీసీ మోటారు, రికార్డుకి ఒకటి. ఈ రెంటినీ వైర్లతో కలిపి ఒకే వేగంతో తిప్పాలి. బొమ్మ ముందుకో వెనక్కో జారితే ఆపరేటర్ కంట్రోల్ బోర్డు మీద చూసుకుంటూ సరిదిద్దాలి. పెద్ద హాల్లో అందరికీ వినబడాలంటే గ్రామఫోన్ గొంతు చాలదు, అప్పటికి మన యాంప్లిఫయర్లు లేవు. అందుకని సూది కదలికతో ఒక చిన్న వాల్వ్‌ని ఆడించి, దాంట్లోంచి కంప్రెస్ చేసిన గాలిని వదిలేవారు. గాలే లౌడ్‌స్పీకర్ అన్నమాట! ఇంకో తమాషా, ఆ బొమ్మలకి పాట ముందే రికార్డు చేసి, తర్వాత నటులు కెమెరా ముందు పెదవులు కలిపేవారు. ఇవాళ ఫిల్మ్ నగర్‌లో పాట తీస్తున్నది అచ్చం అలాగే.

ఇలాంటి యంత్రాన్ని కొనడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. పోయిన సెమిస్టర్ మా ల్యాబ్‌లో ఒక ఎలక్ట్రిక్ లీనియర్ యాక్చుయేటర్ విప్పాం. మల్టీప్లెక్సుల్లో రిక్లైనర్ సీటు కింద ఉండే రకం. ముందు రాడ్‌ని పూర్తిగా లోపలికి లాగించి, తర్వాత కరెంటు తీసేసి, మూత ఏ వైపు ఎలా కూర్చుందో మార్కర్‌తో గీత పెట్టుకుని స్క్రూలు తీశాం. లోపల డీసీ మోటారు, గేర్లు, పొడుగాటి స్క్రూ, దాని మీద నడిచే నట్టు, రెండు చివర్లా లిమిట్ స్విచ్‌లు. పాత గ్రీజు నల్లగా గట్టిపడి ఉంది. తుడిచి కొత్తది రాశాం. నట్టు మరలు అరిగి లూజు వచ్చిందా, కార్బన్ బ్రష్‌లు ఎంత మిగిలాయి, కమ్యుటేటర్ మీద మసి ఉందా, ఇవే చూసేది. బ్రష్ అరిగితే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే సరి.

వెంకయ్య గారి యంత్రంలోనూ ఇవే చుట్టాలు. డీసీ మోటార్లంటే బ్రష్‌లు, కమ్యుటేటర్లు ఉండాల్సిందే. ఒక మోటారు బ్రష్ కాస్త ఎక్కువ అరిగినా వేగం తేడా వస్తుంది. మా యాక్చుయేటర్ అయితే సీటు కాస్త నెమ్మదిగా లేస్తుంది, అంతే. అక్కడ తెర మీద మనిషి నోరు మూశాక పాట వినిపిస్తుంది, హాలంతా నవ్వుతుంది. ఫిల్ము తెగితే మరీ కష్టం. సెకనుకి 16 ఫ్రేముల లెక్కన 8 ఫ్రేములు పాడై కత్తిరించి అతికిస్తే, అక్కణ్ణుంచి బొమ్మ అర సెకను ముందుంటుంది. రికార్డు లక్కది, కింద పడితే ముక్కలే. అదీ నిడివి మూడు నాలుగు నిమిషాలు. స్పేర్ పార్టు కావాలంటే ఓడలో రావాలి.

1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ప్రదర్శనలు మొదలుపెట్టారు. తర్వాత యంత్రాన్ని వేసుకుని ఊళ్ళు తిరిగారు. బెంగళూరు, విజయవాడ, అటు సింహళం, ఇటు రంగూన్, పెగూ దాకా. చాలా ఊళ్ళకి అప్పటికి కరెంటే లేదు. ప్రతి మకాంలో పెట్టెలు విప్పడం, బిగించడం, రెండు మోటార్లనీ కలపడం, మళ్ళీ విప్పడం. ఓడలో ఉప్పుగాలి సరేసరి. దాన్ని ఎవరు తుడిచారో, ఎవరు నూనె వేశారో చరిత్ర పుస్తకాలు పట్టించుకోవు. నాకు తెలుసుకోవాలని ఉన్నది మాత్రం సరిగ్గా అదే.

ఈ తిరుగుడు చాలనుకున్నారేమో, 1912లో మద్రాసులో డేరా సినిమా వేశారు. 1914లో గెయిటీ థియేటర్ కట్టారు. మద్రాసులో భారతీయుడు కట్టిన తొలి సినిమా హాలు అది. తర్వాత మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్. నా అంచనాలో ఆయన తీసుకున్న అసలైన ఇంజనీరింగ్ నిర్ణయం ఇదే. నాలుగు నిమిషాల మాట కోసం రోజూ కుస్తీ పట్టే యంత్రం కన్నా, మూకీ అయినా సరే రోజూ ఆగకుండా ఆడే ప్రొజెక్టరు మేలు. ఆశ చావక కాదు, లెక్క తెలిసి.

కొడుకు ప్రకాశ్‌ని సినిమా తీయడం నేర్చుకోమని లండన్ పంపారు. అతను వచ్చాక మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ స్టూడియో పెట్టారు. అక్కడ 1921లో తీసిన భీష్మ ప్రతిజ్ఞలో ప్రకాశే భీష్ముడు, దర్శకుడూ అతనే. మాట్లాడే బొమ్మతో మొదలైన మనిషి పదేళ్ళ తర్వాత తీసింది మూకీ! సి. పుల్లయ్య, వై.వి. రావు లాంటివాళ్ళు పని నేర్చుకున్నది ఈ తండ్రీకొడుకుల దగ్గరే. కానీ స్టూడియో నిలవలేదు. అప్పులు పెరిగాయి, థియేటర్లు ఒక్కొక్కటీ చేజారాయి. ఈసారి తాకట్టు విడిపించుకునే దారి దొరకలేదు.

1932లో భక్త ప్రహ్లాద వచ్చింది, తెలుగు తెరకి మాటొచ్చింది. ధ్వని ఇప్పుడు ఫిల్ము అంచు మీదే ముద్ర పడుతోంది. అతుకు వేసినా బొమ్మ, మాట కలిసే ఉంటాయి, రెండో మోటారే అక్కర్లేదు. ఆ సినిమా తీసిన జాబితాలో వెంకయ్య గారు లేరు. 1940లో ప్రకాశ్ బారిస్టర్ పార్వతీశం తీశారు, అది టాకీ. మరుసటి ఏడాది, 1941 మార్చి 15న, వెంకయ్య గారు పోయారు.