తలకొండపాడు పేరయ్య చెప్పిన కథ



ఈ వారం మీకు పరిచయం చేయదలచిన వ్యక్తి మన కతోలిక సంఘానికి చెందినవాడు కాడు. పునీతుల పట్టికలో ఆయన పేరు వెదకకండి. అయినా తెలుగు పల్లెల్లో క్రీస్తు నామం ఎలా పాకిందో తెలుసుకోగోరేవారు ఆయనను దాటి పోలేరు. ఇతర సంఘాల సోదరులలో ఉన్న క్రైస్తవ సంపదను సంతోషంగా ఒప్పుకోవాలని రెండవ వాటికన్ మహాసభ 1964లోనే మనకు నేర్పింది గదా! ఆయన పేరు ఎర్రగుంట్ల పేరయ్య.

కనిగిరి ప్రాంతంలోని తలకొండపాడు ఆయన ఊరు. పుట్టింది మాదిగ ఇంట. తోళ్ల వ్యాపారం వృత్తి. మన చేవెళ్ల, మొయినాబాదు పల్లెల్లోని పెద్దలకు మోటబావులు గుర్తుండే ఉంటాయి. బొక్కెనకు తోలు తొండం, ఎడ్లకు వారు, రైతు కాళ్లకు చెప్పులు, అన్నీ మాదిగ చేతినుండే రావాలి. దానికి బదులుగా కళ్లంలో కొంత గింజ ముట్టేది. ఆ మనిషి లేకుండా సేద్యం సాగదు. కాని ఆ బావిలో చేద వేసే హక్కు మాత్రం ఆయనకు లేదు! పేరయ్య పుట్టింది ఆ ఏర్పాటులోకే.

అయితే ఆయన మనసు తోళ్ల బేరంతో తృప్తి పడలేదు. దేవుడెవరో తెలుసుకోవాలన్న దాహం ఆయనది. రాజయోగం బోధించే గురువులను ఆశ్రయించి, ఉపదేశం పొంది, ధ్యానం చేశాడు. భార్య నాగమ్మకు కూడా అదే తపన. క్రమంగా ఆయన మాట వినడానికి వచ్చేవారు కూడా ఏర్పడ్డారు. ఈ సంగతిని మీరు గుర్తుంచుకోవాలి. క్రీస్తును ఎరుగక ముందే ఇరుగుపొరుగువారు ఆయనను నిజాయితీగా వెదికేవాడని ఎరుగుదురు.

వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు ప్రభువు సంగతి ఆయన చెవిన పడింది. తాను ఇన్నాళ్లు వెదకినది ఇదేనని ఆయనకు తోచింది. ఒంగోలులో దొర ఒకరు ఉంటారని విని అక్కడికి నడిచాడు. 1866లో ఆయనా, నాగమ్మా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ చేత జ్ఞానస్నానం పొందారు. అదే ఏడు జాన్ క్లౌ దొర ఒంగోలులో స్థిరపడ్డారు. అంతకుముందు 1854 నూతన సంవత్సరాదినాడు జ్యూయెట్ దంపతులు, వారితో ముగ్గురు భారతీయ క్రైస్తవులు ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసిన సంగతి మీలో కొందరు వినే ఉంటారు.

ఇక పేరయ్య ఊరికి తిరిగి వెళ్లి ఏమి చేశాడు? ప్రసంగాలు చేయడం ఆయన ఎక్కడా నేర్చుకోలేదు. తనకు జరిగినది చెప్పాడు. ఏ గురువు దగ్గరకు పోయాడో, ఏమి దొరికిందో, ఏమి దొరకలేదో, ఏలూరు దారిలో ఏమి విన్నాడో ఇంటింటా కూర్చుని చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ దొర తలకొండపాడుకు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెలవారు కూడి ఉన్నారు. వారిలో 28 మంది ఆ దినాల్లోనే జ్ఞానస్నానం పొందారు. దొరగారికి తెలుగు ఇంకా పూర్తిగా పట్టుబడని రోజులవి. వారిని సిద్ధం చేసినది ఎవరో వేరే చెప్పాలా?

గురువిద్యాలయంలో తర్కం చదివేటప్పుడు ఆప్తవాక్యం అనే మాట మాకు నేర్పేవారు. నమ్మదగినవాడు చెప్పిన మాట కూడా ఒక ప్రమాణమే అని దాని భావం. చెప్పినవాడు ఎలాంటివాడో తెలియకపోతే ఆ ప్రమాణం నిలవదు. పేరయ్య కథ విన్నవారు ఆయన ఇల్లు, అప్పు, కోపం, ఓర్పు అన్నీ ఎరిగినవారే. అబద్ధమాడితే మర్నాడే పట్టుకుంటారు! ఈనాటి కొన్ని కూటాల్లో మైకు ముందు సాక్ష్యం చెప్పేవారు తమ పాత పాపాన్ని ఒకరికంటే ఒకరు పెద్దది చేసి చెబుతుంటే నాకు కష్టంగా తోస్తుంది. వినేవారిలో వారి గడప ఎరిగినవాడు ఒక్కడూ ఉండడు. అలాగని మన కతోలిక కుటుంబాల్లో మరో జబ్బు ఉంది సుమా! మనం అసలు నోరే విప్పం. అదంతా స్వాములవారి పని అనుకుంటాం.

చెప్పడానికి వెల లేకపోలేదు. ఒంగోలులో జ్ఞానస్నానం కోరినవారికి మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి చిన్నవే. కాని జాతరలో డప్పు కొట్టనన్న మాదిగను ఊరు ఊరికే విడిచిపెడుతుందా? పని ఆపేశారు, అంగడిలో సరుకు అమ్మనివ్వలేదు, నీళ్లు కట్టడి చేశారు. తాను క్రీస్తువాడినని చెప్పిన ప్రతివాడు తన పిల్లల గింజలను పందెం పెట్టి చెప్పాడన్నమాట.

ఈ మాట చదివి మీలో కొందరు మౌనంగా నిట్టూరుస్తారని నాకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. మనకు తెరవలేదు. మా తాత ఫలానా ఏట జ్ఞానస్నానం పొందాడని నలుగురిలో చెప్పడానికి చేవెళ్లలోనైనా, మొయినాబాదులోనైనా ఒక తండ్రి ఎందుకు వెనకాడతాడో నాకు అర్థమవుతుంది. ఆయనను పిరికివాడని నేను అనలేను.

1876-78లో గొప్ప కరవు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో సుమారు 3½ మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపారు. బోధకులే మేస్త్రీలుగా ఉండి, కూలీలు అలసి కూర్చున్నప్పుడు వారి మధ్య కూర్చుని మాట్లాడేవారు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని, సాయం ముగిసేవరకు ఏడాదికి పైగా దొర ఎవరికీ జ్ఞానస్నానం ఇవ్వలేదు. ఆ పట్టుదల నాకు మిక్కిలి నచ్చుతుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది జ్ఞానస్నానం పొందారు. జూన్ మధ్య నుండి సెప్టెంబరు మధ్య వరకు లెక్క 9,606కు చేరింది. పుస్తకాలు ఈ అంకెలను క్లౌ దొర పేర రాస్తాయి. కాని పదకొండేళ్ల క్రితం తలకొండపాడులో పోగైన 28 మందిని లెక్కలోకి తీసుకోకుండా ఈ వేలు అర్థం కావు.

పేరయ్య కథ మనదాకా రావడానికి కారణం ఒక స్త్రీ. క్లౌ దొరను 1894లో వివాహమాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ అనే విదుషీమణి ఒంగోలు ప్రాంతపు వృద్ధ మాదిగ క్రైస్తవులను కూర్చోబెట్టి, వారి జీవితాలను వారిచేతనే చెప్పించి రాసుకున్నారు. వారి గురువులు, వారి పెళ్లిళ్లు, వారు పడిన దెబ్బలు అన్నీ అందులో ఉన్నాయి. 1899లో అది పుస్తకంగా వెలువడింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పిన కథలన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. పేరయ్య రాజయోగం నుండి క్రీస్తు దాకా నడిచిన దారి అందులోనే ఉంది, నాగమ్మ పేరుతో సహా.