మీసాలున్న అమ్మ

గుజరాత్‌లో గిజుభాయి బధేకాకు ఒక ముద్దుపేరు ఉంది: మూఛాళీ మా. అంటే మీసాలున్న అమ్మ. ఆయన ముఖం మీద నిజంగానే దట్టమైన మీసం ఉండేది. చదివింది లా, మొదట చేసింది వకీలు పని. చిన్నపిల్లల బాగోగులు చూడటం ఆడవాళ్ల పనిగా, అదీ ఇంటి పనిగా చెలామణీ అయిన రోజుల్లో ఆ పని మీదేసుకున్న మగవాడికి లోకం వేరే పేరు వెతకలేకపోయింది.

అసలు పేరు గిరిజాశంకర్. 1885 నవంబరు 15న సౌరాష్ట్రలోని చిత్తల్‌లో పుట్టాడు. 1907లో బతుకుతెరువు కోసం తూర్పు ఆఫ్రికా వెళ్లి, రెండేళ్లకు తిరిగొచ్చి, బొంబాయిలో లా చదివి, వఢవాణ్‌లో ప్రాక్టీసు పెట్టాడు. 1913లో కొడుకు పుట్టాడు. ఆ బిడ్డను ఏ బడికి పంపాలన్న ప్రశ్న దగ్గర వకీలు జీవితం దారి తప్పింది. తాను చదివిన బడి ఆయనకు బాగా గుర్తుంది: బెత్తం, బట్టీ, భయం. కొడుక్కీ అదే రాసిపెట్టి ఉండటం ఆయన ఒప్పుకోలేకపోయాడు. వెతుకులాటలో వసో అనే ఊళ్లో మోతీభాయి అమీన్ నడిపే బడి చూశాడు. మరియా మాంటిస్సోరి విధానం గురించి ఆయనకు తెలిసింది అక్కడే.

1916లో భావ్‌నగర్‌లో నానాభాయి భట్ స్థాపించిన దక్షిణామూర్తి సంస్థలో చేరాడు. మొదట అప్పజెప్పింది పెద్ద పిల్లలను. వాళ్లతో కొన్నాళ్లు గడిపాక ఒక విషయం అర్థమైంది. అబద్ధమాడటం, పెద్దల ముందు వణకడం, తోటివాణ్ణి తోసి ముందుకెళ్లడం, ఒంటి మీద శ్రద్ధ లేకపోవడం ఇవన్నీ హైస్కూలుకు వచ్చేసరికే పాతుకుపోయి ఉన్నాయి. అప్పుడు నీతిపాఠాలు చెబితే అవి చెవి దాటి లోపలికి పోవు. పని మొదలుపెట్టాల్సింది ఇంకా కింద, ఆరేళ్ల లోపే. 1920లో బాలమందిరం పెట్టడానికి ఇదే కారణం.

ఆ బడిలో ఆరోగ్యం, ప్రవర్తన అని వేరే పీరియడ్లు లేవు. పిల్లలే ఊడ్చేవారు, సామాను సర్దుకునేవారు, మొక్కలకు నీళ్లు పోసేవారు. బొత్తాలు పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం రెండున్నరేళ్ల బిడ్డకు పెద్ద విద్యలే. పక్కన నిలబడ్డ పెద్దలు ఆ పని తామే చేసిపెట్టకుండా చేతులు కట్టుకుని ఓపిక పట్టడం అంతకన్నా పెద్ద విద్య. దెబ్బ లేదు, తిట్టు లేదు. బహుమతి కూడా లేదు. చాలామంది తల్లిదండ్రులకు మింగుడుపడనిది ఈ చివరిదే. బెదిరింపు తప్పని ఒప్పుకున్నవాళ్లు కూడా మిఠాయి ఆశ చూపడంలో తప్పేముందనుకుంటారు. గిజుభాయి దృష్టిలో రెండూ ఒకటే. రెండింటిలోనూ బిడ్డ తన మనసు మాట కాక ఎదుటివాడి చెయ్యి ఎటు కదులుతుందో చూడటం నేర్చుకుంటాడు.

మాంటిస్సోరిని ఆయన కళ్లు మూసుకుని అనుసరించలేదు. ఆవిడ చిన్నపిల్లలకు కల్పిత కథలు చెప్పడాన్ని మెచ్చలేదు. గిజుభాయి బడి కథల మీదే నడిచింది. జానపద కథలు, ఆటపాటలు, నాటకాలు, ప్రతిరోజూ ఏదో ఒకటి. ఖరీదైన విదేశీ పరికరాలకు బదులు చుట్టుపక్కల దొరికే వాటితోనే సరిపెట్టుకున్నాడు.

తెలుగు ఉపాధ్యాయుల్లో చాలామందికి ఆయన పరిచయమైంది 'పగటి కల' ద్వారా. గుజరాతీలో దాని పేరు దివాస్వప్న. లక్ష్మీరామ్ అనే టీచరు మామూలు ప్రభుత్వ బడిలో నాలుగో తరగతిని ఏడాదిపాటు ప్రయోగానికి తీసుకునే కల్పిత కథ. మొదటిరోజే మౌనం ఆట ఆడించబోయి ఘోరంగా భంగపడతాడు. పిల్లలు గోల గోల చేస్తారు. మర్నాడు కథతో వాళ్లను దగ్గరికి తీసుకుంటాడు. ఆ దగ్గరితనం కుదిరాకే గోళ్లు, జుట్టు, మాసిన బట్టల సంగతి ఎత్తుతాడు. ఇందులో ఆ వరుసే ముఖ్యం. అపనమ్మకం ఉన్నచోట శుభ్రత పాఠం అవమానంగా మారుతుందని, మాసిన బట్టల పిల్లవాడు తరగతి ముందు తలవంచుకుని నిలబడటంతో ముగుస్తుందని ఆయనకు తెలుసు. ఆ కథలో తల్లిదండ్రుల సమావేశం పెడితే వచ్చేది కొద్దిమందే. పుస్తకంలో అన్నిటికన్నా నిజమనిపించే ఘట్టం బహుశా అదే.

అందుకేనేమో, ఆయన రాతల్లో పెద్ద భాగం తల్లిదండ్రుల కోసం. ఒక పుస్తకం పేరే తల్లిదండ్రులు కావడం కష్టమని. బిడ్డకు ఆకలి లేకపోయినా కుక్కి తినిపించడం, బూచి పేరు చెప్పి నిద్రపుచ్చడం, ఇంటికొచ్చినవాళ్ల ముందు పద్యం చెప్పించి మురిసిపోవడం ఇలాంటి ఇంటింటి అలవాట్లను ఆయన ఒక్కొక్కటిగా పట్టుకున్నాడు. దండన ఆయనకు క్రమశిక్షణ సమస్య కాదు, ఆరోగ్య సమస్య.

ఈ బడికో హద్దు మాత్రం ఉంది. బాలమందిరానికి వచ్చినవాళ్లు ఎక్కువగా పట్నపు మధ్యతరగతి పిల్లలు. బొత్తాలు పెట్టుకోవడం నేర్పాలంటే ముందు బిడ్డకు చొక్కా ఉండాలి.

గిజుభాయి 1936లో దక్షిణామూర్తి నుంచి బయటికి వచ్చాడు. అప్పటికే విశ్రాంతి ఎరగని పని ఆయన ఒంటిని తినేసింది. పిల్లల ఆరోగ్యం గురించి అంత రాసిన మనిషి తన ఆరోగ్యాన్ని పట్టించుకోలేదు. 1939 జూన్ 23న బొంబాయిలో చనిపోయాడు. వయసు 53. అదే ఏడాది నవంబరులో మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టింది. ఐదు నెలల తేడాతో ఆ కలయిక తప్పిపోయింది.

1923లో బాలమందిరంలో చేరి ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ ఆ హద్దును దాటింది. 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీలో, తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్బాడ్ కొండ మీద ఆదివాసీ పిల్లల మధ్య పని మొదలుపెట్టింది. పిలిస్తే పిల్లలు బడికి రాలేదు. కొందరు పశువులు కాస్తున్నారు, కొందరు చంటి తమ్ముళ్లను, చెల్లెళ్లను ఎత్తుకుని తిరుగుతున్నారు. దాంతో బడే వాళ్ల ఇళ్ల ముంగిళ్లలోకి వెళ్లింది. స్నానం చేయించడం, తల దువ్వడం, గోళ్లు తీయడం పాఠంలో భాగమయ్యాయి. చంటిబిడ్డలకు ఉయ్యాల అదే ఆవరణలో కట్టారు. పశువులు కాసేవాళ్ల కోసం బడి పచ్చికబయళ్లకు నడిచింది.